ఎనిమిది రోజులు కదలని రేపల్లె బస్సు

ఎందుకు ఆగిపోయిందో చెప్పకుండా ఆగిపోయే వస్తువంటే నాకు ఒళ్లు మంట. మిక్సీ కాలితే వాసనైనా వస్తుంది. స్కూటర్ ఆగితే పెట్రోలు ముల్లు చూసుకోవచ్చు. ఈ ‘వరుస’ అనే ప్రోగ్రాం మాత్రం, రెండుసార్లు నొక్కగానే తెర మీద నల్లగా ఒక్క మెరుపు మెరిసి మాయమైపోయేది. తప్పేమిటో ఒక్క ముక్క చెప్పదు. మళ్లీ నొక్కితే మళ్లీ అదే మెరుపు. అలా ఎనిమిది రోజులు.

అది నా కోసం పెట్టుకున్నది కాదు. మా బావ అంకారావు కోసం. బావ నా భార్య జయలక్ష్మికి అన్న. ఆమె పోయి ఆరేళ్లయినా రేపల్లెలో ఆ ఇంటి గడప నాకు పుట్టింటి గడపలాగే ఉంది. బావ ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. అందులో పంతొమ్మిదేళ్లు తెనాలి–రేపల్లె సర్వీసే. రిటైరైన రెండో ఏడు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కొంత తేరుకుంది. చెయ్యి తేరుకోలేదు. మాట ముద్దగా, ఆగి ఆగి వస్తుంది.

ఫిజియోథెరపీ చేయించే తులసి అనే అమ్మాయి పిసకమని రబ్బరు బంతి ఇస్తే బావ దాన్ని గోడకేసి కొట్టాడు. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. బంతి తీసి సంచిలో వేసుకుని, “పోనీ పెదనాన్నా, స్టీరింగ్ ఇస్తే పట్టుకుంటారా?” అంది. ఆ ఒక్క ప్రశ్న మా అందరి బతుకూ మార్చింది.

కంప్యూటరుకు తగిలించే స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు తెప్పించి బావ ఇంట్లో బల్లకు బిగించాను. బస్సులూ లారీలూ నడిపే ఆట ఒకటి ఉంది. అందులో ఉండేవి విదేశీ రోడ్లే. కానీ మనవాళ్లు కొందరు ఇష్టంకొద్దీ మన రోడ్లు, మన పల్లెవెలుగు బస్సు, మన హారను, మన వర్షం తయారుచేసి ఊరికే పంచిపెడుతున్నారు. ఆటకు అలా బయటినుంచి జోడించేవాటిని మాడ్లు అంటారు. బావ బస్సుకు అరవై నాలుగు మాడ్లు కావాలి. వాటిని ఎక్కించడానికి ఒక క్రమం ఉంది. రోడ్డు కంటే ముందు ఊరి బోర్డులు ఎక్కితే బోర్డులు కనిపించవు. కాలవ తర్వాత వంతెన ఎక్కకపోతే బస్సు నీళ్లలోనుంచి పోతుంది. తెనాలిలో ఒక కాలేజీ గ్రంథాలయంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. దేని పక్కన ఏది ఉండాలన్నది నాకు కొత్త బాధేం కాదు. అయినా అరవై నాలుగింటిని చేత్తో సర్దడం నా వల్ల కాలేదు. ఆ పని చేసేదే ‘వరుస’. మనం ఒక ఫైల్లో దేని తర్వాత ఏది రావాలో నియమాలు రాసిపెడితే, అది చదువుకుని క్షణంలో సర్దుతుంది.

ఆ నియమాలు బావా నేనూ ఆరు నెలలు కూర్చుని రాశాం. బావ ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పేవాడు. “వేమూరు... గేటు... ముందు. తర్వాత... రోడ్డు.” నేను టైపు చేసేవాణ్ణి. తప్పయితే బావే కుడిచేత్తో కొట్టి సరిచేసేవాడు. ఆ ఆరు నెలల్లో ఎడమచేతి వేళ్లు ఒకటి, రెండు, చివరికి నాలుగూ స్టీరింగు చుట్టూ మూసుకున్నాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

వంకరటింకర లైన్లతో, అడ్డదిడ్డపు ఖాళీలతో ఉన్న ఆ ఫైలును చూడలేక ఒకనాడు పెన్‌డ్రైవులో తెనాలి తెచ్చుకుని నా కంప్యూటర్లో శుభ్రంగా సాపు రాశాను. పై వారం రేపల్లె తీసుకెళ్లి పాతదాని మీదే కొత్తది పెట్టాను. అదే రోజు కంప్యూటర్లో విండోస్ అప్‌డేట్ కూడా ఏదో జరిగింది. ఆ సాయంత్రం నుంచి ‘వరుస’ తెరుచుకోలేదు. అది సర్దకుండా ఆట తెరిస్తే నల్లటి తెర. తప్పంతా అప్‌డేట్‌దే అనుకుని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని తెనాలి వచ్చేశాను.

చెప్పినవాళ్లందరి మాటా విన్నాను. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను. కుడి బటన్ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను. యాంటీవైరస్ ఆపాను. అప్‌డేట్ వెనక్కి తీశాను. అదే మెరుపు.

మూడోరోజు బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపుకు పట్టుకెళ్లాను.

“మనవడి గేమా బాబాయ్?” అన్నాడు షాపతను.

“మనవడు కాదు. మా బావ. అరవై ఆరేళ్లు.”

అతను పక్కనున్న వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. “ఈ వయసులో బస్సాటేంటి బాబాయ్! రామాయణం పెట్టివ్వండి, కూర్చుని చూసుకుంటారు. దీన్ని ఫార్మాట్ కొట్టేద్దాం, పీడా పోద్ది.”

“ఆయన చెయ్యి పడిపోయింది నాయనా. ఆ బస్సు నడిపే చెయ్యి లేపుకుంటున్నాడు. నువ్వు కొట్టేస్తానంటున్నది దాన్ని.”

అతను మరి నవ్వలేదు. బాగుచేయడం మాత్రం చేతకాలేదు. బయట చినుకులు పడుతుంటే ల్యాప్‌టాప్‌ను ప్లాస్టిక్ కవర్లో రెండు మడతలు చుట్టి ఇచ్చాడు. కోపంతో ఆ మంచితనానికి థాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేశాను.

మాడ్ల వాళ్లకు వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో అడిగితే హేమంత్ అనే అడ్మిన్ ఒక్క లైన్లో తేల్చేశాడు: “రూల్స్ ఫైల్ డిలీట్ చేసి మళ్లీ రాసుకోండి అంకుల్.”

మళ్లీ రాసుకోవాలట! ఆ మాటలు ఒక్కొక్కటీ బావ నోట్లోంచి ఎలా వచ్చాయో అతనికేం తెలుసు? అప్పుడు నేను ఉండబట్టలేక, గ్రూపులో అందరూ చూసేటట్టు రాశాను. తప్పేమిటో చెప్పకుండా చచ్చిపోయే ప్రోగ్రాం రాసినవాళ్లకు కొంచెం సిగ్గుండాలని. నా జన్మలో ఎవరినీ అలా అన్నది లేదు. అయినా చెరపలేదు.

ఏడోరోజు సుబ్బరత్నం ఫోన్ చేసింది. మా బావ భార్య. నన్ను అన్నయ్యా అంటుంది.

“చెయ్యి మళ్లీ మొద్దుబారుతోంది అన్నయ్యా. నాలుగువేళ్లు వంచేవారా, ఇవాళ రెండే వంచారు. తులసి చూసి మొహం అదోలా పెట్టింది. ఇంకో వారం ఇలాగే వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుందంట.”

“మాట్లాడుతున్నాడా?”

“అన్నం పెట్టనా అంటే తలకాయ ఊపుతున్నారు. అంతే. గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.”

ఫోన్ పెట్టేశాను. అప్పుడు వచ్చింది ఒక మెసేజ్. “నేను సౌజన్యనండి. ‘వరుస’ రాసింది నేనే. ల్యాప్‌టాప్ తీసుకుని బాపట్ల రాగలరా? రేపు స్కూలుకు సెలవు పెడతాను.”

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. దారి పొడుగునా ఆవిడను ఏమనాలో మనసులో తయారుచేసుకున్నాను. ఏ పెద్ద కంపెనీవాళ్లో అనుకున్నాను గానీ, బాపట్ల స్టేషనుకు దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు. ముప్పై అయిదేళ్లుంటాయి. హైస్కూల్లో లెక్కల టీచరు. దిద్దాల్సిన పేపర్ల కట్ట పక్కకు జరిపి నాకు కుర్చీ వేసింది.

“‘సిగ్గుండాలి’ అని రాసింది మీరే కదండీ మాస్టారూ?”

“నేనేనమ్మా.”

“కూర్చోండి. ముందు మంచినీళ్లు తాగండి. సిగ్గు సంగతి తర్వాత చూద్దాం.”

రైల్లో తయారుచేసుకున్న మాటల్లో సగం అక్కడే పోయాయి. నీళ్లు తాగి బావ చెయ్యి సంగతి చెప్పాను.

ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, నేనెప్పుడూ చూడని ఒక ఫోల్డర్లోకి వెళ్లింది. ప్రోగ్రాం తను చేసిన ప్రతి పనీ అక్కడ ఒక ఫైల్లో రాసుకుంటుందట. దాని చివరి లైను నాకు చూపించింది. ఇంగ్లీషులో ఉంది. నియమాల ఫైలు, మొదటి లైను, మొదటి అక్షరం, అర్థం కాలేదు, ఆపేస్తున్నాను అని.

“మీ నియమాల ఫైలు తెరుస్తున్నానండి,” అంది. తెరిచింది. ఒక్క క్షణం చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇది ఎవరు రాశారు మాస్టారూ?”

అన్ని నియమాలకూ పైన, సరిగ్గా మధ్యలో, ‘శ్రీరామ’ అని ఉంది.

నేనే. సాపు రాసేటప్పుడు నేనే రాశాను. లైబ్రరీ రిజిస్టరు కొత్త పేజీ తిప్పినా శ్రీరామ, పోస్టుకార్డు రాసినా శ్రీరామ, పచారీ చీటీ రాసినా శ్రీరామ. ముప్పై నాలుగేళ్లూ ఆ మాట లేకుండా నేను కాగితం మీద ఏదీ మొదలుపెట్టలేదు. కాగితం కానిదాని మీద కూడా చెయ్యి తనంతట తాను రాసేసింది. రాసినట్టు నాకు గుర్తు కూడా లేదు.

సౌజన్య కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడం అయ్యాక నాకు మళ్లీ కోపమే వచ్చింది.

“తప్పు నాదేనమ్మా, ఒప్పుకుంటున్నాను. కానీ కారణం తెలిసి కూడా లోపల రాసుకుని ఊరుకుంటుందా ఇది? మా బావ బస్సు దార్లో ఆగితే, కిందికి దిగి, బానెట్ ఎత్తి చూసి, ‘బెల్టు తెగిందండీ, వెనకాల బస్సు వస్తోంది, అది ఎక్కండి’ అని జనానికి చెప్పేవాడు. ఎండలో నిలబెట్టి, నోరు మూసుకుని తన దారిన తాను పోయేవాడు కాదు. మీ ప్రోగ్రాం మమ్మల్ని ఎనిమిది రోజులు రోడ్డు మీద నిలబెట్టింది.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది.

“నిజమేనండి. తప్పుంటే తెర మీద చూపించే ముక్క ఒకటి రాయాలి. రెండేళ్ల నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటున్నా. దీన్ని రాసినప్పుడు నేనూ మా ఫ్రెండ్సూ మాత్రమే వాడతాం అనుకున్నా. మాకు ఆ లాగ్ ఫైలు ఎక్కడుంటుందో తెలుసు కదా.” మళ్లీ ల్యాప్‌టాప్ వైపు తిరిగి, “మీ బావగారి సంగతి గ్రూపులో ముందే ఒక ముక్క చెప్పుంటే మొదటిరోజే ఫోన్ చేసేదాన్నండి,” అంది.

అదీ నిజమే. తిట్టడానికి దొరికిన మాటలు సంగతి చెప్పడానికి నాకు దొరకలేదు.

ఆవిడ అప్పటికప్పుడు ఆ ముక్క రాయడానికి కూర్చుంది. నేను ఆ పేపర్ల కట్టను నంబర్ల ప్రకారం సర్దిపెట్టాను. నాకు వచ్చింది అదే గదా. ఆవిడ రెండు గ్లాసుల కాఫీ కలిపి తెచ్చేసరికి పన్నెండు దాటింది. తర్వాత ప్రోగ్రాం తెరిచి చూపించింది. ఈసారి మెరుపు లేదు. తెల్లటి చిన్న పెట్టె వచ్చి నిలబడింది: ‘నియమాల ఫైల్లో మొదటి లైను సరిచూడండి.’ తెలుగులోనే.

“ఇక ఆ శ్రీరామ తీసెయ్యమ్మా,” అన్నాను.

“తియ్యడం ఎందుకండీ? ముందు ఈ గుర్తు పెడితే ప్రోగ్రాం ఆ లైను జోలికి పోదు. ఉండనివ్వండి.”

గుర్తు పెట్టింది. ‘వరుస’ తెరుచుకుంది. అరవై నాలుగు మాడ్లూ బడిపిల్లల్లా వరసకట్టి నిలబడ్డాయి.

చెరుకుపల్లి మీదుగా బస్సు పట్టుకుని రేపల్లె చేరేసరికి నాలుగు దాటింది. బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి స్టీరింగు తీగ తగిలించాను. ఇంజను చప్పుడు వినగానే ఇటు తిరిగాడు. సుబ్బరత్నం లేపి కుర్చీలో కూర్చోబెట్టింది.

“ఏంటి... తప్పు?” అన్నాడు బావ.

అప్‌డేట్ అని చెప్పెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. సాపు రాసిన సంగతి, శ్రీరామ సంగతి చెప్పాను.

బావ మొహం ఎర్రబడింది.

“నా... ఫైలు. నువ్వెందుకు... ముట్టావు?”

“వంకరటింకరగా ఉందని బావా...”

“నాకు... బాగుంది. నాకు... తెలుసు... ఎక్కడేముందో. డ్రైవరు సీట్లో... ఇంకోడు... కూర్చుంటే... అద్దం... మారుద్ది. సీటు... మారుద్ది. నువ్వు... లైబ్రరీవాడివి. బస్సు... నీకెందుకు? ఎనిమిది... రోజులు! నా... చెయ్యి!”

అన్నీ న్యాయమైన మాటలే. తలుపు దగ్గర నిలబడ్డ సుబ్బరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అమ్మో, ఇన్ని మాటలే! మూడు నెలల మాటలు ఒక్కసారే. అన్నయ్యా, మీరు అప్పుడప్పుడూ ఇలాంటి తప్పు చేస్తూ ఉండండి.”

“నువ్వు... ఊరుకో,” అన్నాడు బావ ఆవిడతో. తర్వాత నాతో, “పక్కకు... జరుగు.”

జరిగాను. తెర మీద తెనాలి బస్టాండు. బావ కుడిచేత్తో గేరు వేసి బయల్దేరాడు. ఎడమచేతి వేళ్లు రెండే స్టీరింగును పట్టుకున్నాయి, మూడోది సగం. చినరావూరు దాకా బాగానే వెళ్లాడు. జంపని మలుపులో ఎడమచెయ్యి జారి ఒళ్లో పడింది. బస్సు రోడ్డు దిగి వరిచేలోకి వెళ్లి ఆగింది.

నేను ముందుకు వంగి, ఒళ్లోని ఆ చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టబోయాను.

“ముట్టొద్దు... అన్నానా?”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

బావ కుడిచేత్తో తన ఎడమచెయ్యి పైకెత్తి స్టీరింగు మీద పెట్టుకున్నాడు. చూపుడువేలు వంచాడు. దాని పక్కది. ఆ పక్కది. చిటికెనవేలు మాట వినలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేసి, రివర్సు గేరు వేశాడు. వెనక్కి తిరిగి చూసే అలవాటు కొద్దీ, మా ఇద్దరి వైపూ మెడ తిప్పి చూశాడు.

“జనం... పట్టుకోండి,” అన్నాడు.

సుబ్బరత్నం తలుపు రెక్క పట్టుకుంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. వెనక చక్రం బురదలోంచి లేచి రోడ్డు మీదికి ఎక్కేదాకా ఆ మూడు వేళ్లూ జారలేదు.