ఎడమ కంటి లెన్సు

ఎనిమిదో ఏట ఆమె ముక్కు మీద ఎక్కిన కళ్ళద్దాలు మళ్ళీ దిగలేదు. అన్న పెట్టిన ‘సోడాబుడ్డి’ పేరూ నలభై నాలుగేళ్ళొచ్చినా పోలేదు. ఆమె బట్టలు కుట్టే మనిషి. మిషను మీద వంగితే అద్దాలు జారేవి, ఇస్త్రీ ఆవిరికి మసకబారేవి. ప్రాణం విసిగి చివరికి లెన్సులు తీసుకుంది. కళ్ళ డాక్టరమ్మ పక్కన కూర్చుని, పెట్టడం తీయడం నాలుగుసార్లు చేయించింది. అక్కడ అంతా సవ్యంగానే వచ్చింది.

తంటా అంతా మర్నాడు పొద్దున ఇంట్లో మొదలైంది.

చేతులు కడిగి తుడుచుకుని, కుడి కంటి లెన్సు వేలి కొన మీద నిలబెట్టింది. వేలు దగ్గరికి రాగానే రెప్ప టక్కున మూసుకుంది. ఆరోసారికి కంట్లో చల్లగా ఏదో తాకి, బొటబొటా నీళ్ళు కారాయి. ఇంతలో వంటింట్లోంచి అత్తగారు పిలిచింది. వెళ్ళొచ్చి మళ్ళీ అద్దం ముందు నిలబడేసరికి ఏ కన్ను అయిందో ఏది కాలేదో అర్థం కాలేదు. అనుమానంగానే రెండో లెన్సు కూడా పెట్టుకుంది.

కుడి కంటికి గోడ గడియారం అలికినట్టయింది. ఎడమ కంటికి గడియారమే లేదు. పాత అద్దాలు పెట్టుకుంటే ఎడమ కన్ను బాగుపడింది, కుడి కన్ను మరీ పాడైంది.

“ఏవండీ, ఎడమది పడిపోయినట్టుంది!”

భర్త వచ్చి మోకాళ్ళ మీద నేలంతా వెతికాడు. ఒక గుండీ, రెండు గుండుసూదులు దొరికాయి.

“కంటి వెనక్కి పోయుంటుందమ్మాయ్,” అంది అత్తగారు. “ఇక అది మెదడు దాకా వెళ్తుంది.”

ఆమె ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది. భర్త చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిపించాడు.

డాక్టరమ్మ కంట్లో లైటు వేసి చూసింది. నవ్వు ఆపుకుంటూ, “కంటి వెనక్కి పోవడానికి దారే లేదండీ. రెండూ కుడి కంట్లోనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి,” అంది.

అవి రెండూ తీసేసి, కొత్త జత తెచ్చి ఒక్కో కంట్లో ఒక్కోటి పెట్టించింది. ఆమె తల తిప్పి చూసింది. చుట్టూ చట్రం లేదు. తలుపు పెద్దది, కుర్చీ పెద్దది, ఎదురుగా నిలబడ్డ భర్త మొహం చాటంత.

“మీరు ఇంత లావుగా ఉంటారా?”

“నిన్నటి దాకా ఎంత ఉన్నాను మరి?”

“దూరం చూపుకిచ్చే దళసరి అద్దాల్లో అన్నీ చిన్నగా కనిపిస్తాయండీ,” అని డాక్టరమ్మ సర్దిచెప్పింది. “మెల్లగా అలవాటవుతుంది. ఇవాళ నాలుగు గంటలే ఉంచుకోండి. పెట్టుకుని నిద్రపోవద్దు. కన్ను ఎర్రబడినా నొప్పెట్టినా వెంటనే తీసేసి నా దగ్గరికి రండి.”

దారిలో మెట్టు అనుకున్నదానికంటే దగ్గరగా తగిలింది. అయినా తన కుట్టు కొట్టుకు చేరి మిషను ముందు ఉత్సాహంగా కూర్చుంది. దారం తీసి సూది ఎత్తింది. బెజ్జం లేదు! అలవాటుగా అద్దాలు నుదుటి మీదికి నెట్టబోతే చెయ్యి గాల్లోకి పోయింది. సూదిని దూరంగా జరిపింది, దగ్గరికి తెచ్చింది. వీధి చివరి మనిషి చొక్కా మడత తెలుస్తోంది కానీ చేతిలోని సూది తెలియడం లేదు. ఇదేం చూపో ఆమెకు అంతుపట్టలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి సూది సంగతి చెప్పింది.

“నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుందండీ. ఇన్నాళ్ళూ అద్దాలు ఎత్తి చూసుకున్నారు. లెన్సుల్ని ఎత్తలేరు కదా. కుట్టేటప్పుడు వీటి మీద చిన్న అద్దాలు పెట్టుకోవాలి.”

“అద్దాలు వదిలించుకోవడానికే కదండీ ఇవి కొన్నది!”

“మీరేం పని చేస్తారో నేను ముందే అడగాల్సింది,” అంది డాక్టరమ్మ, కొంచెం నొచ్చుకుంటూ.

నాలుగు గంటలయ్యాక లెన్సులు తీసి డబ్బాలో వేసింది. పాత అద్దాలు పెట్టుకుని, వాటిని నుదుటికెత్తి, ఒక్క పోటుకే దారం ఎక్కించింది. పనికి ఇవి, బయటికి అవి అని అప్పటికి ఒక నిర్ణయానికి వచ్చింది.

సాయంత్రం భర్త వచ్చాడు, పాత అద్దాల్లో మళ్ళీ చిన్నవాడైపోయి. ఆమె అతణ్ణి కింది నుంచి పై దాకా రెండుసార్లు చూసింది.

“ఏమిటలా చూస్తావు?”

“ఏం లేదండీ,” అంది. “మీ అసలు కొలత ఏదో తెలియడం లేదు.”