ముందే పెట్టిన సంతకాలు

స్టీలు ట్రే ఇషా నుదుటికి తగిలినప్పుడు గిరిజ నాలుగడుగుల దూరంలో ఉంది. చూడలేదని చెప్పుకునే వీల్లేదు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి, అక్కడినుంచి నీలం స్క్రబ్స్ యూనిఫాం మీదికి కారింది. విసిరినవాడు అమెరికాలో, ఐసెలిన్ ఊళ్ళో పేరున్న పిల్లల డాక్టర్ శ్యామ్‌సుందర్. రోజూ ఎనిమిదింటికి స్టాఫ్‌ని గుండ్రంగా నిలబెట్టి మనమంతా ఒక ఫ్యామిలీ అని చెప్పే పెద్దమనిషి. ఆ గుండ్రం మధ్యలోనే కొట్టాడు.

పిల్లలకి టీకాలు వేసే ఇషా చేసిన నేరం ఒక అంకె రాయడం. శని, ఆదివారాలు కరెంటు పోయి వ్యాక్సిన్లుండే ఫ్రిజ్ వేడెక్కింది. దాని తలుపుకి తగిలించిన కాగితంలో లోపలి వేడి రోజూ నలభై ఫారెన్‌హీట్ అని రాస్తారు. సోమవారం పొద్దున ఆమె ఉన్నదున్నట్టు అరవై ఒకటి అని రాసింది. అంటే లోపలి మందంతా పారేయాలి. కొట్టేసి నలభై అని రాయమన్నాడు డాక్టర్. బయట పదకొండు మంది తల్లులు చంటిపిల్లలతో కూర్చున్నారు, చెడిపోయిన మందు వాళ్ళకి పొడవలేనంది ఇషా. చదువు ముగిసి ఏడాది కూడా కాలేదు, ఉద్యోగం పోతే వీసా పోతుంది. అయినా అంది.

ల్యాబ్‌లో పనిచేసే వినీత్ డాక్టర్ చెయ్యి పట్టుకున్నాడు. డాక్టర్ బావమరిది రామమోహన్, క్లినిక్ ఆపరేషన్స్ అన్నీ చూసేవాడు, వినీత్ మెడ పట్టి అద్దాల బీరువాకేసి కొట్టాడు. అద్దం పగిలి అతని అరచేతిలో దిగింది. మిగతావాళ్ళు గోడలకి కరుచుకుపోయారు.

గిరిజ ఆఫీస్ మేనేజర్. కూలీల మీద మేస్త్రీని పెట్టినట్టు ఆరేళ్ళ కిందట ఆమెని పెట్టారు. ఎవరికి సెలవివ్వాలి, ఎవరి షిఫ్ట్ కోయాలి, ఎవరి వీసా కాగితం నాలుగు రోజులు తొక్కిపెట్టి దారికి తేవాలి, అన్నీ ఆమె చేతులతోనే జరిగాయి. ఆమె గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ కూడా ఈ క్లినిక్ పేరు మీదే ఉంది. అందుకే అన్నేళ్ళూ నోరు కుట్టేసుకుంది.

రామమోహన్ ఆమె సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. స్టాఫ్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే రాసే ఫారం. డాక్టర్‌కి ఎప్పుడూ తొందర, అందుకని సాక్షి గడిలో ముందే సంతకాలు పెట్టి ఓ కట్ట సిద్ధంగా ఉంచడం గిరిజకి అలవాటు. పనిలో చురుకని దానికి మెప్పు కూడా పొందింది. తడి నేల మీద జారిపడింది అని రామమోహన్ ఖాళీలో రాశాడు. కింద ఆమె సంతకం ఉండనే ఉంది. అడగాల్సిన పని కూడా లేకపోయింది.

ఇషా నుదురు ఒత్తిపట్టి నేల మీద కూర్చుని ఉంది లక్ష్మీకాంతం. అందరికన్నా పెద్దావిడ, ఇరవయ్యేళ్ళుగా ఆ క్లినిక్‌లో అసిస్టెంట్. తలెత్తకుండానే అంది:

"పోయినేడు నా మణికట్టు ఇరగ్గొట్టినప్పుడు కూడా నీ సంతకమే గిరిజా. అప్పుడూ నేల తడిగానే ఉందంట."

గిరిజకి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే వెళ్ళి ఫ్రిజ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంది.

రిసెప్షన్‌లో ఉండే అనుష్క ఆమె చెయ్యి పట్టుకుని, మా అందరి వీసాలు పోతాయి, ఇచ్చేయక్కా అంది. ఒక్కొక్కరుగా భయపడుతూ ఉంటే ఒక్కొక్కరినే కొడతారని వినీత్ అన్నాడు. కాసేపు వాళ్ళలో వాళ్ళకే గట్టిగా వాదన నడిచింది. ఇల్లు గడవడం గురించి ఒకరు, ఊళ్ళో అప్పుల గురించి ఒకరు. చివరికి అనుష్కే ఏడుస్తూ వచ్చి గిరిజ పక్కన నిలబడింది. తర్వాత అందరూ వచ్చారు.

"గిరిజా, నీ గ్రీన్‌కార్డ్ ఎవరి చేతిలో ఉందో గుర్తుందా?" అన్నాడు డాక్టర్, ఎంతో నెమ్మదిగా.

"గుర్తుంది సర్. ఫ్రిజ్ మాత్రం ఓపెన్ చెయ్యను."

రామమోహన్ ఆమె జుట్టు పట్టి ఫ్రిజ్ తలుపుకేసి రెండుసార్లు బాదాడు. పన్ను విరిగింది. వాడి రెండో చెయ్యి తన జేబులోకి వచ్చినప్పుడు గిరిజ దాన్ని అందుకుని ఎముక తగిలేదాకా కొరికింది. వాడు అరిచినా ఆమె వదల్లేదు. అప్పుడు పడ్డారు అందరూ వాడి మీద. ఇన్నేళ్ళుగా తలలు వంచుకున్నవాళ్ళు చెప్పులతో, ఫైళ్ళతో, ఉత్త చేతులతో కొట్టారు. డాక్టర్ గదిలో దూరి గడియ పెట్టుకుని పోలీసులకి ఫోన్ చేశాడు.

వచ్చిన ఇద్దరు పోలీసులకి డాక్టర్ ఆ ఫారం చూపించాడు. అమ్మాయి జారిపడింది, మేనేజరే సాక్షి, ఇప్పుడు ఆమెకే మతి తప్పింది అన్నాడు. గిరిజకి దారి ఇంకా మూసుకుపోలేదు. ఊరుకుంటే చాలు, ఆరేళ్ళ ఎదురుచూపు నిలబడుతుంది. నోట్లో నెత్తురు ఉమ్మి ఇంగ్లీషులోనే గట్టిగా చెప్పింది. సంతకం నాదే, రాసిందంతా అబద్ధం. ఇదొక్కటే కాదు, ఆరేళ్ళవన్నీ అబద్ధాలే, వాటిమీద సంతకాలు నేనే పెట్టాను. ఇంత చెప్పినా వాళ్ళకి కనిపించింది రామమోహన్ చేతి మీది పంటిగాట్లే. ఆమెని బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి బేడీలు వేశారు.

ఇంక ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళండని చెప్పి డాక్టర్ తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు. లక్ష్మీకాంతం వెళ్ళింది, వెయిటింగ్ రూమ్‌లోకి.

"అమ్మా, మీ పిల్లలకి ఇయ్యాల వేసే మందు పాడైంది. అది చెప్పినందుకే ఈ పిల్ల తల పగలగొట్టిన్రు. అద్దో, ఆమెను తీస్కపోతున్నరు."

తల్లులు లేచారు. తెలుగు రానివాళ్ళకి పక్కవాళ్ళు చెప్పారు. పిల్లల్ని చంకనేసుకుని డాక్టర్ గది తలుపు బాదడం మొదలుపెట్టారు.

పోలీసు కారు వెనక సీట్లోంచి గిరిజ చూసింది. ఇషా కట్టు కట్టిన తలతో వచ్చి కారు ముందు తారు మీద కూర్చుంది. పక్కన లక్ష్మీకాంతం, వినీత్, అనుష్క, మిగతావాళ్ళు. తప్పుకోమని పోలీసు మూడుసార్లు చెప్పాడు. తర్వాత వినీత్‌ని కాలరు పట్టి ఈడ్చాడు, అతని చోట్లోకి అనుష్క జరిగింది. వాళ్ళని ఎక్కించడానికి ఇంకో కారు పిలిపించారు. అదీ చాలలేదు.