రెండోసారి అడిగిన ఫోను

ఏలూరులో మేత బస్తాలు ఆటోకెక్కిస్తుండగా ఎలీయాజరు జేబులో ఫోను కీచుమంది. పెదపాడు దగ్గరున్న అతని చెరువులో చేపలకు గాలి చాలడం లేదట. రెండ్రోజులుగా మబ్బే మరి, ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది.

తమ్ముడి కూతురు ప్రీతి వట్లూరులో ఇంజనీరింగు చదువుతూ చేసిపెట్టిన యాప్ అది. ఎక్కడున్నా సరే, ఫోను నొక్కితే చెరువులో ఏరియేటర్లు తిరిగి నీళ్లు చిలికి గాలి కలుపుతాయి.

ఎలీయాజరు బొటనవేలు లుంగీకి తుడుచుకుని పచ్చ బొత్తాం నొక్కాడు.

‘ఏరియేటర్లు వేయమంటారా?’ అనడిగింది. అవునన్నాడు.

‘ఖచ్చితంగా వేయమంటారా?’

వేలు గాల్లోనే ఆగిపోయింది. చెప్పాక మళ్లీ అడగడమేమిటి? మా వైపు విందుల్లో ‘కూర వేయమంటారా అండీ’ అంటే మర్యాద. ‘నిజంగా వేయమంటారా అండీ’ అంటే గిన్నెలో కూర అడుక్కొచ్చిందని. మర్యాద తెలిసినవాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. దీనికేదో తెలుసు, పైకి చెప్పలేకపోతోంది అనుకున్నాడు. కరెంటు సరిగా లేదేమో, మోటార్లు కాలిపోతాయేమో.

‘వద్దు’ నొక్కేశాడు.

అతను గట్టు చేరేసరికి ఏరియేటర్లు హోరుమంటున్నాయి. ప్రీతి స్విచ్ బోర్డు దగ్గర రొప్పుతూ నిలబడి ఉంది. కొన్ని బొచ్చె చేపలు అప్పటికే వెల్లకిలా తేలాయి. మిగతావి నీటిమీద నోళ్లు తెరిచి గుటకలేస్తున్నాయి.

“వద్దని ఎందుకు నొక్కారు పెదనాన్నా? నా ఫోన్లో చూడ్డమే కానీ నొక్కడానికి వీల్లేదు, పరుగెత్తుకొచ్చాను.”

“రెండోసారి అడిగింది కదమ్మా! వద్దనిపించడానికే అనుకున్నాను.”

“పొరపాటున నొక్కారేమోనని అడిగిందండీ!”

“మనిషి మాట మీద నమ్మకం లేనిదాన్ని మనం నమ్మాలా? బాగా నేర్పావు దానికి!”

ప్రీతి వల తెచ్చి తేలిన చేపల్ని గట్టుకు లాగింది. ఆ సాయంత్రమే ఆ ప్రశ్నలు రెండూ పీకేసింది. ఒక్కసారి నొక్కితే ఏరియేటర్లు తిరుగుతాయి. కింద ‘ఆపాలంటే ఇక్కడ నొక్కండి’ అని మాత్రం ఉంటుంది.

మళ్లీ మబ్బు పట్టింది. చేపలు తలలెత్తాయి. గట్టుమీదే నిలబడి ఎలీయాజరు బొత్తాం నొక్కాడు. ఎదురు ప్రశ్న లేదు. ఫోన్లో చక్రం తిరిగింది. అతను దాన్ని చూడకుండా చెరువు వంక చూశాడు. అక్కడ ఏరియేటర్ల చక్రాలూ తిరిగాయి. కాసేపటికి బొచ్చెలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి.

“ఇప్పుడు బాగుందా పెదనాన్నా? ఇంటికెళ్దాం రండి.”

“నువ్వెళ్లమ్మా, నేనిక్కడే కాపలా కూర్చుంటాను.” తువ్వాలు పరుచుకుని గట్టుమీద చతికిలబడ్డాడు. “ఇంత సులువుగా చెప్పినమాట వినేవాణ్ణి నేనెక్కడా చూడలేదే!”