గేటవతలి కుంటిది

తెనాలిలో తమ గేటు ముందు ఆటో తగిలి కాలు విరిగిన వీధికుక్కకు పసుపు పెట్టి కట్టు కట్టింది మొదలు, దాన్ని ఇంట్లో పెట్టుకుందామని భువనేశ్వరమ్మ కొడుకు ప్రాణం తీస్తూనే ఉంది. చివరికి కృష్ణచైతన్య బాపట్ల వెళ్లి జాతికుక్క పిల్లను కొనుక్కొచ్చాడు.

"కుక్క కావాలన్నావుగా అమ్మా! దీని తాతక్కూడా సర్టిఫికెట్ ఉందంట."

"మీ తాతకే లేదు కదరా! నేనడిగింది కుంటిదాన్ని."

"టీకాలయ్యేదాకా వీధికుక్కల గాలి కూడా సోకకూడదన్నాడు డాక్టరు. ఆ కుంటిదానికి రోజూ ముద్ద పెట్టడం మానెయ్యమ్మా, పిల్లకి రోగం నీ చేతులమీదుగానే వస్తుంది."

ఒళ్లో పిల్ల వెచ్చగా నిద్రపోతోంది. దించెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు.

మధ్యాహ్నం అలవాటు కొద్దీ కంచంలో ఆఖరి పెరుగన్నం ముద్ద మిగిల్చి చేతిలోకి తీసుకుంది. గేటవతల కుంటిది మూడు కాళ్ల మీద నిలబడి తోక ఊపుతోంది. ఆమె లేవలేదు. ముద్ద చేతిలోనే ఎండిపోయింది.