ఎడమచేతి వంపు

ఇటలీ మగ్గం కోసం దేవయ్య తన పాత సాంచాలు, అంటే మరమగ్గాలన్నీ ఇనప సామాను కింద తూకానికి వేసేశాడు. రెండువేల మూడులో భివండి కామత్‌ఘర్ మొత్తానికి అంత తెగువ చూపినవాడు ఇంకొకడు లేడు. అతని ధైర్యమంతా బామ్మర్ది కిషనే. గల్లీలోని కార్ఖానాల వాళ్లంతా కలిసి కిషన్‌ను ఇటలీ కంపెనీకి శిక్షణకు పంపారు. వెళ్లి నేర్చుకోవాలి, వచ్చి అందరికీ విప్పి చూపాలి, ఆపైన విడిభాగాలు పక్క పేట నిజాంపురా లేత్ మిషన్ల మీద మనమే చేసుకోవాలి. మాట అదీ. ఇక్కడ కొత్త మగ్గం తిరిగే రోజున తలుపులు బార్లా తెరిచి పెట్టడం రివాజు. ఎవరైనా వచ్చి చూడొచ్చు, ముట్టుకోవచ్చు.

ఇటలీ మగ్గం తిరిగే రోజున కిషన్ కంపెనీ చొక్కా తొడుక్కుని దిగాడు. అక్కడే ఉద్యోగంలో చేరాడట. వస్తూనే షట్టర్ కిందికి లాగాడు.

"ఎవ్వరు చూడొద్దు బావా. కంపెనీ రూలు."

"ఏందిరా? మనోళ్లు బయట నిలబడ్డరు."

"విప్పితే గ్యారంటీ పోతది. నువ్వు సుత ముట్టొద్దు."

దేవయ్యకు చురుక్కుమంది. ఇంటి పిల్లగాడు కదా అని ఊరుకున్నాడు.

మగ్గం కదిలింది గానీ భివండి నూలుతో వేగలేకపోయింది. మన నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అడ్డంగా పోయే పేక పోగు మాటిమాటికీ తెగింది. కిషన్ సంచిలోంచి సీలు వేసిన ప్యాకెట్ తీశాడు.

"దీనికే కంపెనీ కొత్తది తయారు చేసింది" అంటూ వంచిన స్టీలు తీగ ఒకటి పోగు దారిలో బిగించాడు. మగ్గం ఆగకుండా నడిచింది.

దేవయ్య ఆ తీగనే చూశాడు. పాత సాంచాలో పేక పోగును అటూ ఇటూ మోసిన తన నాడె గోడ మేకుకు వేలాడుతుంటే అందుకున్నాడు. సాంచాలు పోయినా దాన్ని మాత్రం ప్రాణంగా దాచుకున్నాడు. పోగు తెగకుండా అతను ఏనాడో వంచి పెట్టిన తీగ అందులో ఉంది. దేవయ్యది ఎడమచేతి వాటం, అందుకే వంపు అందరిలా కాక అటు తిరిగి ఉంటుంది. కంపెనీ తీగ కూడా అటే తిరిగి ఉంది.

"గిది వాళ్లకు ఎవడు చూపిచ్చిండు?"

కిషన్ తల దించుకున్నాడు. "మీ దగ్గర ఎట్ల చేస్తరని అడిగిన్రు బావా. చూపిస్తే నౌకరీ ఇచ్చిన్రు."

"నేర్చుకొని రారా అని తోలిస్తే, మా దగ్గరున్నది ఇచ్చి వచ్చినవా?"

పరాయివాడు చేస్తే దేవయ్య కొట్లాడేవాడు. వీడు తన చేతి ముద్ద తిని పెరిగినవాడు.

"ఆ తీగకు కంపెనీ పేటెంటు తీసుకున్నది బావా. గల్లీల ఎవరన్న గట్ల వంచితే కేసు అయితది."

"నేను వంచినా?"

దేవయ్య విసురుగా షట్టర్ ఎత్తాడు. బయట కాచుకుని ఉన్నవాళ్లు సంబరంగా ముందుకొచ్చారు.

"ఏం దేవన్నా, మీ బామ్మర్ది ఏం నేర్చుకొచ్చిండే?"

దేవయ్య తన నాడెను దొంగసొమ్ములా వీపు వెనక దాచుకున్నాడు.