చెప్పులు దులిపే మనిషి

మా మీటింగులో కుదురుగా ఉన్నవి కుర్చీలే. తప్పిపోయినవాళ్ళను అందరూ కలిసి వెతకడం ఎలాగో పరిశోధించాలని ప్రొఫెసరమ్మ పోలీసుల్నీ, ఆస్పత్రులవాళ్ళనీ, మాలాంటి ఇంటివాళ్ళనీ ఒక గదిలో చేర్చింది. పోలీసాయన ఫైలు చూపించనంటాడు. నర్సు పేషెంట్ల వివరాలు బయటపెట్టకూడదంటుంది. మేమేమో ఫొటోలు పట్టుకుని కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నాం.

మతిమరుపుతో నాన్న ఇల్లు దాటినప్పటి నుంచి నా నోరు నా అదుపులో లేదు.

"ఈ ఫొటోలు దండగండీ," అన్నాను. "ఆస్పత్రిలో చేరగానే గడ్డం, మీసం, తల అన్నీ గొరిగేస్తారు. బట్టలు మార్చేస్తారు. ఇక మీసాల ఫొటోతో ఎవర్ని పోలుస్తారు, నా మొహాన్నా?"

నర్సు నొచ్చుకుంది. "పేలు పడితే ఏం చెయ్యమంటారండీ?"

"సరే, గొరిగినా పోనిది ఏముంటుంది?" అంది ప్రొఫెసరమ్మ.

నా పక్కన టైలరక్క కూర్చుంది. వాళ్ళ నాన్న కూడా అలాగే తప్పిపోయాడు. చేతులు ఊరుకోక, నా చొక్కా చేతికి ఊడిన కుట్టు వేస్తోంది. "అలవాటు," అంది తలెత్తకుండా. "మా నాన్న ఎవరి బట్ట కనపడినా అంచు తిరగేస్తాడు. నాకు కుట్టు నేర్పింది ఆయనే."

"మా నాన్న చెప్పులు దులపందే వాటిలో కాలు పెట్టడు," అన్నాను.

పేర్లు అక్కర్లేదు, వార్డుల్లో అలవాట్లు గమనించి చెబితే చాలని ఒప్పందం కుదిరింది. పోలీసాయన కూడా గొణుగుతూనే తలూపాడు.

వారం తిరక్కుండా నర్సు ఫోను. "చెప్పులు దులిపే పెద్దాయన ఒకరున్నారు. వచ్చి చూడండి."

చేతికందిన చొక్కా, ఆ కుట్టు వేసిందే, తగిలించుకుని పరుగెత్తాను. వార్డులో మంచం అంచున ఒక గుండు పెద్దాయన చెప్పులు తీసి టపటపా దులుపుతున్నాడు. అచ్చం నాన్నలాగే. తలెత్తాడు. నాన్న కాదు.

ఒళ్ళు మండిపోయింది. దులపడానికి ఈయనకి ఇంకేం దొరకలేదా? వెనక్కి తిరగబోతుంటే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. చొక్కా చేతి అంచు తిరగేసి వేలితో తడిమాడు.

"మళ్ళీ ముడి వెయ్యలేదు," అన్నాడు విసుగ్గా. "ఎన్నిసార్లు చెప్పినా మా పిల్ల ఇంతే."

మంచం మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, పచ్చి కుళ్ళుతో. టైలరక్క నాన్న దొరికాడు, మా నాన్న దొరకలేదు. ఫోను తీశాను గానీ కాసేపు నొక్కలేకపోయాను. ఆయన నా చెయ్యి వదలకుండా, దుప్పటి ఎత్తి సూది కోసం వెతుకుతున్నాడు.

చివరికి ఫోను చేశాను. "అక్కా, నువ్వు ముడి వెయ్యడం మర్చిపోయావట."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. ఆమె ఏడ్చింది, నవ్వింది, వస్తున్నానంది. పెట్టేసే ముందు, "మరి మీ నాన్న సంగతేంటి తమ్ముడూ?" అంది.

"తొందరగా రా అక్కా. ఈయన నా చెయ్యి వదలడం లేదు. నేను పై వార్డు కూడా చూసి రావాలి."