సాయం చేసినవారి గడి

ఆగండి, చేతిలో పని ఓ పది నిమిషాలు పక్కన పెట్టి ఇది వినండి. వీడియో గేమ్ కన్సోల్‌లో ఇంకా గొప్ప ప్రాసెసర్ పెడితే ఆట ఇంకా బాగా నడుస్తుందా లేదా అని గొంతులు చించుకునేవాళ్లంతా, ఒసాకాలో నిషిగాకికి ఏం జరిగిందో విన్నాక చించుకుంటే బాగుంటుంది.

నిషిగాకికి ఇరవై ఆరేళ్లు. నిప్పొన్‌బాషి పేటలో కింద బొమ్మల గోడౌను, పైన వీడియో గేమ్‌లు చేసే విభాగం ఉన్న ఒక కంపెనీలో ప్రోగ్రామర్. తాతల కాలంలో రేకు బొమ్మలు చేసిన కంపెనీ అది, పద్ధతులన్నీ ఇంకా అప్పటివే. ఏ పని పూర్తయినా దానికో రిపోర్టు, రిపోర్టు కింద మూడు గడులు. కుడివైపు చేసినవారిది, మధ్యలో సాయం చేసినవారిది, ఎడమవైపు సెక్షన్ చీఫ్‌ది. ఎవరి గడిలో వాళ్లు తమ పేరు ముద్రని ఎర్రసిరాలో అద్ది వెయ్యాలి. కిందివాళ్ల ముద్ర కొంచెం ఎడమకి వాలాలి, పక్కనున్న పెద్దాయన ముద్రకి తలవంచుతున్నట్టు. నిటారుగా వేస్తే, ఈ పిల్లకి మెడ పట్టేసిందేమో అని నవ్వుతారు, ఆ నవ్వు ఏడాది పాటు పోదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. చిన్నవాళ్లు వచ్చి అడిగితే పెద్దవాళ్లు కాదనకూడదు. బదులుగా మధ్య గడి వాళ్లది. ఆ గడిలో ముద్ర ఉన్నవాళ్లు ఆ ఆట జట్టుతోనే ముందుకి వెళ్తారు.

ఆ వసంతంలో సెక్షన్ చీఫ్ కొగురె కొత్త కన్సోల్‌కి ఆటలు చేసే యంత్రాలు పన్నెండు కొనిపించాడు. ప్రాసెసర్ పదింతలు వేగం, ఇక పాత యంత్రం దగ్గర కూర్చున్న ముసలాళ్లతో పని లేదు, అని ఇంకా పైఅంతస్తులో ఉండే యాజమాన్యం వాళ్లకి మాటిచ్చి మరీ కొనిపించాడు. పైవాళ్లు పందెం పెట్టారు. ఒకటే ఆట, ఒసాకా మీద వానలా కురిసే ఒంటికాలి గొడుగు దయ్యాల ఆట, పాత కన్సోల్ మీద పాత ఉద్యోగి తత్సుమి చెయ్యాలి, కొత్తదాని మీద నిషిగాకి చెయ్యాలి. బొమ్మల షాపుల యజమానులు వచ్చి చూస్తారు. వాళ్లు మెచ్చిన ఆట అమ్ముతారు. ఓడినవాళ్ల కుర్చీ కిటికీ పక్కకి వెళ్తుంది.

కిటికీ పక్కకి వెళ్లడమంటే ఉద్యోగం పోదు, పని పోతుంది. రోజూ తొమ్మిదింటికి వచ్చి రిపోర్టులకి కన్నాలు పొడిచి దారం కట్టాలి, ఆరింటికి పోవాలి, రిటైరయ్యేదాకా అంతే. పలకరించిన పాపానికి తమ కుర్చీ కూడా జరుగుతుందేమోనని ఎవ్వరూ పలకరించరు.

తత్సుమికి యాభై మూడేళ్లు. నిషిగాకి చేరిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆయనే. ఆ నత్తనడక పాత ప్రాసెసర్ మీద నలభై ఎనిమిది గొడుగుల్ని ఒక్క తడబాటు లేకుండా దూకించాడు. నిషిగాకి కొత్తదాని మీద మూడు వందలు పెట్టింది. పెడితే ఏమైంది, తెర మీద అవి నీళ్లలో నడుస్తున్నట్టు నత్తి నత్తిగా కదిలాయి. ఎనభైకి తగ్గించినా అంతే. పదింతల ప్రాసెసర్, పాత దానికన్నా అధ్వాన్నం.

పందేనికి నాలుగు రోజులుందనగా మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె తత్సుమి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"గురువుగారూ, నాది తడబడుతోంది."

"తెలుసు. నీ తెర ఇక్కణ్ణించి కనపడుతుంది. మూడు రోజుల్నించి చూస్తున్నా, ఎప్పుడొస్తావా అని."

"మరి పిలవచ్చుగా."

"పిలిచి చెప్తే అది సాయం కాదమ్మాయ్, గొప్పలు పోవడం." ఆయన అన్నం డబ్బా మూత పెట్టాడు. "పద, ఉడోన్ నూడుల్స్ తిందాం. అక్కడ చూపిస్తా."

స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి తినే ఉడోన్ కొట్టు. లోపల ఒకే ఒక్క ముసలామె. రైలు దిగిన జనమంతా మీద పడ్డా ఆమె అడుగు కదపదు, చెయ్యి మాత్రం ఆడుతుంటుంది.

"ఆవిడ చెయ్యి వేగమంటావా?" అన్నాడు తత్సుమి.

"కాదా?"

"అరవై దాటాయి, ఏం వేగం. ఉల్లికాడలు ఎక్కడున్నాయో చూడు. వేయించిన టోఫూ ఎక్కడుంది, చారు ఎక్కడుంది. ఏది ముందు కావాలో అది ముందు, వరసగా, మోచెయ్యి చాచకుండా. నీ ప్రాసెసర్ కుర్రాడు పదింతలు చురుకు, కానీ నువ్వు ఉల్లికాడలు ఒక్కోటీ గోడౌన్లో పెట్టావు. ఒక్కో గొడుగుకీ మెమరీ దాకా పరిగెత్తి, అక్కడ నిలబడి, ఎదురుచూసి వస్తున్నాడు పాపం. పని చేసేదానికన్నా నిలబడేదే ఎక్కువ."

నిషిగాకి గిన్నె పక్కన పెట్టేసింది. కళ్ల ముందు మొత్తం కనపడింది. వెనక్కి వచ్చి, గొడుగుల లెక్కలన్నీ అవసరమయ్యే వరసలో పేర్చి, ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీలోకి ఒక్కో గుంపునీ లాగేలా రెండు రోజుల్లో తిరగరాసింది. అడుగడుగునా తత్సుమి పక్కనే ఉన్నాడు, తన ఆట వదిలేసి మరీ. చివరికి మూడు వందల గొడుగులూ జలజల రాలాయి.

"మీరు ఓడిపోతారు కదా," అంది ఆమె అప్పుడు, తల ఎత్తకుండా.

"మధ్య గడి ఉందిగా," అన్నాడాయన. "నువ్వు గెలువు. నేను నీ వెనకే వస్తా."

షాపుల యజమానులు నిమిషంలో తేల్చేశారు. మూడు వందల పక్కన నలభై ఎనిమిదిని ఎవరు చూస్తారు. కొగురె వాళ్ల ముందే తత్సుమి భుజం తట్టాడు.

"మన తత్సుమి గారు ఆయన కాలానికి గొప్పేనండీ. రేకు బొమ్మలు కూడా వాటి కాలానికి గొప్పే."

అందరూ నవ్వారు. తత్సుమి కూడా నవ్వి వంగి నమస్కరించాడు. నిషిగాకి కూడా నవ్వింది, అందరూ నవ్వుతుంటే ఊరుకోలేక.

సాయంత్రం కొగురె ఆమెని బల్ల దగ్గరికి పిలిచాడు. ముందు రిపోర్టు ఉంది. ఆట ఎందుకు గెలిచింది అన్నచోట, కొత్త ప్రాసెసర్ వల్ల, అని ఆయనే టైపు చేయించి పెట్టాడు.

"మధ్య గడి, చీఫ్ గారూ," అంది నిషిగాకి. "తత్సుమి గారు..."

"ఆయనేం చేశారు?"

"మెమరీ పేర్చడం నేర్పారు."

"అలాగా. అంటే ప్రాసెసర్ గెలవలేదు, ముసలాయన గెలిచాడు అని పైవాళ్లకి చెప్దామా? పన్నెండు యంత్రాలు ఎందుకు కొన్నావని నన్నడుగుతారు. ముసలాయన చెయ్యి పట్టుకుంటేగానీ నడవలేని పిల్లకి జట్టు ఎందుకిచ్చావని కూడా అడుగుతారు." చాలా మెల్లగా, చాలా మర్యాదగా అన్నాడు. సొరుగు లాగి ఒక స్కేలు తీసి ఆమె ముందు పెట్టాడు, అంతే.

ఖాళీ గడి ఖాళీగా ఉండకూడదు, అడ్డంగా గీత కొట్టాలి, అదీ అక్కడి పద్ధతే.

నిషిగాకి గీత గీసింది. తన గడిలో ముద్ర వేసింది, ఎడమకి బాగా వాల్చి.

"వంపు భలే వచ్చిందమ్మా," అన్నాడు కొగురె.

సోమవారం తత్సుమి కుర్చీ కిటికీ పక్కనుంది. మొదటి రోజు ఆయనకి దారం కట్టడానికి వచ్చిన కట్టలో పైనున్నది ఆ రిపోర్టే. నిషిగాకి తన బల్ల దగ్గర్నించి చూసింది. ఆయన మధ్య గడిని ఒకసారి వేలితో తడిమి, కాగితాల అంచులు సరిచేసి, రెండు కన్నాలు పొడిచి, దారం కట్టి పక్కన పెట్టాడు. అప్పట్నించి ఆమె ఆ వైపు టీ కోసం కూడా వెళ్లలేదు. కిటికీ పక్కనుండే మెట్ల మీంచి దిగడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లింది. ఏడు నెలలు.

ఏడు నెలలకి కొగురె ఇంకా కొత్త, ఇంకా గొప్ప ప్రాసెసర్ తెప్పించాడు. ఈసారి గొడుగులు వెయ్యి అని పైన మాటిచ్చేశాడు. ఆ వెయ్యీ మళ్లీ నత్తి కొట్టాయి. పాత పేర్పు ఈ కొత్తదానికి సరిపోలేదు, నిషిగాకి పేర్చి పేర్చి చూసింది, నడవలేదు. పైవాళ్లు శుక్రవారం వస్తారు. కిటికీ పక్కన ఇంకో కుర్చీకి చోటుందని కొగురె నవ్వుతూనే అన్నాడు.

గురువారం పొద్దున ఆమె ఖాళీ రిపోర్టు ఒకటి పట్టుకుని గది ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది. గదంతా కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"గురువుగారూ. తడబడుతోంది."

తత్సుమి కన్నాలు పొడిచే పని ఆపలేదు. "చూస్తున్నా. నీ తెర ఇక్కణ్ణించి ఇంకా బాగా కనపడుతుంది. తప్పు ఎక్కడుందో రెండు వారాల క్రితమే తెలిసింది."

"చెప్పరా?"

"అడిగావుగా, కాదనకూడదు." జేబులోంచి ముద్ర తీసి ఎర్రసిరాలో అద్దాడు. ఆమె చేతిలో కాగితం తీసుకుని బల్ల మీద పరిచాడు. "ఆ రోజు గీత చాలా తిన్నగా వచ్చిందమ్మాయ్, చెయ్యి ఏమాత్రం వణకలేదు. ఈసారి ముద్ర ముందు, మాట తర్వాత. వెయ్యమంటే వేస్తా. వద్దంటే చెప్పు, నాకు ఇంకా నలభై రిపోర్టులున్నాయి."

ముద్ర పడితే, అప్పుడు కూడా ఆయన సాయం ఉందేమో, మరి ఆ రోజు గీత ఎందుకు గీశావని పైఅంతస్తు అడుగుతుంది, కొగురెతో పాటు తనూ కిటికీ పక్కకి పోతుంది. పడకపోతే రేపు వెయ్యి గొడుగుల ముందు ఒక్కతే నిలబడాలి. వెనక, గదికి అటు చివర, కొగురె కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో స్కేలు ఉంది. తత్సుమి ముద్ర మధ్య గడికి అంగుళం పైన ఆగి ఉంది, చివర్న ఎర్రసిరా బొట్టు కట్టి జారడానికి సిద్ధంగా ఉంది.

నిషిగాకి చోట మీరుంటే ఏమంటారు, వెయ్యమంటారా, వద్దంటారా?